మన డాబా మీది సముద్రపు పిట్ట

పద్మారావు నగర్,
సికింద్రాబాద్

అమ్మా కల్పలతా, ఇక్కడ అందరం కులాసా. నువ్వు పిట్టల పని మీద ఉన్న దీవిలో ఫోన్ పలకదు కనుక కార్డు రాస్తున్నాను.

మొన్నటి తుఫానుకు కొట్టుకొచ్చిన సముద్రపు పిట్ట ఒకటి మన డాబా మీద పడింది. గాల్లోకి ఎగరేయబోతుంటే, పక్కింటివాళ్లు పిలిచిన పక్షుల సంఘం అతీక్ ఆపాడు. "జెర ఆగుండ్రి అమ్మా! అలిసిన పిట్టను అట్ల ఎగరేస్తే సచ్చిపోతది. అట్టపెట్టెల ఆరాం తీసుకోనియ్యాలె. కల్పలత మేడం పరిశోధన చేసి రాసింది. మేమంత అది చదివే నేర్చుకున్నం" అన్నాడు. మా కోడలేనంటే నమ్మలేదు. పెళ్లి ఫొటో చూపించాను. పిట్ట ఇప్పుడు చేపముక్కలు తింటోంది.

పంపిన తొక్కు పచ్చడి అందిందా? మిక్సీ చిన్న జార్ ఎక్కడ పెట్టావు?

నీ మరిది యుగంధర్ పెళ్లికి అన్నీ వదిలి వెంటనే రమ్మని రాద్దామనే ఈ కార్డు తీశాను. వద్దులే. నువ్వు చూసుకుంటున్న ఆ గూళ్లలో పిట్టపిల్లలు ఎగిరాకే రా. ముహూర్తం వెనక్కి జరుపుతాం.

ఆశీస్సులతో,
అత్తయ్య కమలాబాయి