గొర్రెల దొడ్డి పైన గూడు

హాగ్‌సైడ్, జూన్ 19

డెరిక్‌కు,

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందని అంత్యక్రియల దగ్గర అడిగావు. అక్కడ చెప్పలేకపోయాను.

ఆ ఉదయం హెస్టర్ అర కప్పు టీ తాగింది. పదిహేను రోజులుగా మంచం దిగలేదు. ఏప్రిల్ నుంచి తను కాపు కాసిన పిల్లిగద్ద గుడ్లు పిల్లలయ్యాయో లేదో చూసి రమ్మని నన్ను కొండ మీదికి పంపింది. పాత రాతి గొర్రెల దొడ్డి పైన, హెదర్ పొదల్లో గూడు. ఈ లోయలో పదకొండేళ్ళ తర్వాత కట్టిన మొదటిది. వెళ్ళాను. గూడు ఖాళీ. పెంకు ముక్క కూడా లేదు. పక్కన తడి నేలలో బూటు అచ్చు ఉంది.

తిరిగి వచ్చి ఐదు గుడ్లూ పిల్లలయ్యాయని చెప్పాను. నవ్వింది. "డెరిక్‌కి మాత్రం చెప్పకు. వాడు చెడ్డవాడు కాదు. తెలిస్తే వాడి పని వాడు చెయ్యక తప్పదు" అంది. నాలుగింటికి పోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమెతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఆడించింది నువ్వు.

ఆగస్టు పన్నెండున, నువ్వు కీపరుగా కాపలా కాసే ఎస్టేటు కొండ మీద మీ వేట మొదలు. జెండాలు ఊపుతూ కొందరు గ్రౌస్ కోళ్ళను తోలాలి, మాటుల్లో నిలబడ్డ దొరలు కాల్చాలి. ఆ కొన్ని రోజుల కోసం కొండను గళ్ళు గళ్ళుగా తగలబెడతారు. గ్రౌస్‌ను తినేది ఏదీ అక్కడ బతక్కూడదు. చట్టం కాపాడే పిల్లిగద్ద అయినా సరే.

గూడు సంగతి తెలిసింది మా ఇద్దరికే. నీకెలా తెలిసింది?

రోలాండ్


కీపర్ ఇల్లు, జూన్ 23

ప్రియమైన బావకు,

దుఃఖంలో రాశావని ఓర్చుకుంటున్నా. గుడ్లు నక్క తినేసుంటుంది. నేను నక్కల్ని చంపితే హంతకుడినంటావు, చంపకపోతే గుడ్లేవంటావు. కాలేజీలో చదివినవాడివి, ఏం చెయ్యమంటావో నువ్వే తేల్చు.

కొండ తగలబెడతామని రాశావు. కాలిస్తేనే గ్రౌస్ తినే లేత చిగురు వచ్చేది. నా కొండ మీద తీతువులు ఎన్ని గూళ్ళు పెట్టాయో వచ్చి లెక్కపెట్టుకో. పక్క కొండని మీ పక్షి ప్రేమికులు ఊరికే వదిలేశారు కదా, అక్కడ ఒక్క తీతువు కూత వినపడితే నాకు చెప్పు. మా తాత ఇక్కడ కీపరు, నాన్న కీపరు. అక్క పెరిగింది ఈ కొండ పెట్టిన తిండితోనే. నీతో పెళ్ళయ్యాకే దానికి ఈ కొండ పాపమై కూర్చుంది.

సరే, వదిలెయ్. ఆదివారం భోజనానికి రా. మా ఆవిడ మేవిస్ గొర్రె మాంసం వండుతానంటోంది. ఒక్కడివే ఏం తింటున్నావో ఏమో.

నీ బావమరిది,
డెరిక్


హాగ్‌సైడ్, జూన్ 24

డెరిక్‌కు,

నక్క తింటే పెంకులు మిగులుతాయి. నక్క బూట్లు వేసుకోదు. మడమ కింద ఇనుప నాడా ఉన్న బూటు అది. ఫోటో తీశాను.

భోజనానికి రాను. సోమవారం పోలీసులకు చెబుతాను. ఈలోగా ఒక్కదానికి జవాబు రాయి. ఊపిరి అందని మనిషి వెనక నక్కి నక్కి నడిచావా?

రోలాండ్


కీపర్ ఇల్లు, జూన్ 26

బావా,

జవాబు కావాలన్నావు. విను.

మే మొదటి వారంలో మా గేటు దగ్గర కారాపి నువ్వే చెప్పావు. "రోజూ ఒక్కతే కొండెక్కుతోంది డెరిక్. రాతి దొడ్డి పైన గంటలు గంటలు కూర్చుంటోంది. నేను వస్తానంటే వద్దంటోంది. అటు వెళ్ళినప్పుడు కాస్త చూస్తుండు" అన్నావు. గుర్తొచ్చిందా?

చూడ్డానికే వెళ్ళాను. ఒట్టు. అక్క పొదల్లో ఒరిగి నిద్రపోతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. లేపితే తిడుతుందని దూరంగా కూర్చున్నా. అప్పుడొచ్చింది మగ పక్షి. గాల్లో ఎర వదిలింది, ఆడది తలకిందులై అందుకుంది. అది ఎక్కడ దిగిందో చూశాను. చూశాక నేను కీపర్నే కదా బావా. పిల్లలు లేస్తే రోజూ గ్రౌస్ పిల్లల్ని ఎత్తుకుపోతాయి, పన్నెండో తారీకుకి మాటుల ముందు ఏం ఎగురుతాయి?

అక్క మంచం పట్టేదాకా ఆగాను. అక్క అక్కడ కాపు కాస్తున్నంత కాలం చెయ్యి రాలేదు. తర్వాత వెళ్ళాను.

నువ్వు నోరు మూసుకునుంటే నాకు తెలిసేదే కాదు. నా పేరు చెబితే నీ పేరూ చెప్పు.

డెరిక్


హాగ్‌సైడ్, జూన్ 28, ఆదివారం

డెరిక్‌కు,

నిజమే. చెప్పింది నేనే. గేటు దగ్గర మాట నాకు గుర్తుంది. దాన్ని ఆ ఖాళీ గూటితో కలిపి చూడదలచుకోలేదు. ఆమె వద్దన్న పని అప్పటికే చేసి, ఆమె మంచం పక్కన తలూపాను. ఒక్కటే అబద్ధమని నీకు రాసింది తప్పు.

నేను చెప్పింది మనిషిని చూడమని. నువ్వు చూసింది పక్షిని. ఆ తేడా నిన్ను వదలదు. నన్నూ వదలదు. ఆమె మంచం పట్టేదాకా ఆగానని రాశావు. అందుకు నా నుంచి మెప్పు ఆశించకు.

నీ ఇల్లు ఎస్టేటుదని, పని పోతే అదీ పోతుందని నాకు తెలుసు. మేవిస్ ముఖం గుర్తొచ్చింది. అయినా ఆగను. నువ్వు నాకు ఉత్తరం రాయనక్కర్లేదు, నేనూ రాయను.

రేపు ఉదయం తొమ్మిదింటికి పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను. నీ ఉత్తరం, ఫోటో ఇస్తాను. గూడున్న చోటు కీపరుకు చెప్పింది నేనని ముందు రాయించి, తర్వాత నీ పేరు చెబుతాను.

రోలాండ్