ఆర్డెల్ ప్రోహాస్కా తరఫున ఎవరూ రాజీపడరాదు

వెండ్లాండ్ కౌంటీ రోడ్ల శాఖలో, రోడ్లు చదును చేసే గ్రేడర్ బండి నడిపి రిటైరైనదాన్ని, కీర్తిశేషుడు ఎమిల్ ప్రోహాస్కా భార్యను అయిన ఆర్డెల్ ప్రోహాస్కా అనే నేను, డెబ్భై ఎనిమిదో ఏట, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. నాకు మతి స్థిమితంగా ఉంది. ఈ మాట అందరూ ఆనవాయితీ కోసం రాస్తారు. నేను అందుకు రాయడం లేదు. ఈ ముసలామెకు తానేం అడుగుతోందో తనకే తెలియదని కౌంటీ తరఫు లాయరు నిండు కోర్టులో అన్నాడు. కాబట్టి నాకేం తెలుసో ముందు రాస్తాను, ఆస్తుల సంగతి తర్వాత.

నా గుండె ఇక ఎంతోకాలం పని చెయ్యదని తెలుసు. రాబోయే నెలల గురించి చెబుతూ డాక్టరు క్రిస్మస్ మాట ఎత్తలేదు. నా కేసు విచారణ అక్టోబరుకు పడిందని తెలుసు. అది మే నెలలోనే జరగాల్సిందని, కౌంటీ లాయరు వాయిదా మీద వాయిదా అడిగాడని, ఎందుకు అడుగుతున్నాడో కూడా తెలుసు. నన్ను గెలవలేక నా చావు కోసం కాచుకుని కూర్చున్నారు. నేను పోతే కేసు పోతుందని వాళ్ళ ఆశ. ఆ ఆశ తీరకుండా చెయ్యడానికే ఈ కాగితం.

1. కేసు గురించి. పనిలో చేరిన రోజున కౌంటీ నాకొక మాట ఇచ్చింది. జీతం తక్కువే, కానీ రిటైరయ్యాక పింఛను వస్తుంది, ధరలతో పాటు ఏటా కొంత పెరుగుతుంది. ఆ మాట నమ్మే ధాన్యం కంపెనీ వాళ్ళు ఎక్కువ జీతానికి పిలిచినా పోలేదు. రెండేళ్ళ క్రితం రాష్ట్ర రాజధానిలో ఒక చట్టం చేశారు. కౌంటీలు భూముల మీద పన్ను ఇక పెంచకూడదు. పన్ను లేకపోతే వంతెనలు ఎలా కట్టుకోవాలంటే, రాష్ట్రం సొమ్మిస్తుంది. ఆ సొమ్ము కావాలంటే కౌంటీ బోర్డు తనంతట తానే తీర్మానం చేసి, రిటైరైనవాళ్ళ పింఛనులో ఏటా పెరిగే భాగాన్ని ఆపేయాలి. గొంతు కోసేది రాజధాని, కత్తి మాత్రం కౌంటీ చేతిలో. తీర్మానం నచ్చనివాళ్ళు అరవై రోజుల్లోగా కోర్టుకు వెళ్ళాలని కూడా ఆ చట్టంలోనే రాసుకున్నారు. మా కౌంటీలో ఆ గడువులోపల వెళ్ళింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుంటూ కూర్చున్నారు. ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను. నేను గెలిస్తే తీర్మానం కొట్టివేస్తారు, అందరి పింఛనూ మళ్ళీ పెరుగుతుంది. నా కేసు ఆగితే ఇక ఎవరూ వేయడానికి లేదు.

2. నా కూతురు రోజాన్‌కు ఊళ్ళోని ఈ ఇల్లు, లోపలి సామాను, వాళ్ళమ్మమ్మ పిండి పిసికే పెద్ద గిన్నె. రోజాన్, నువ్వు ఈ కేసు గురించి ఒక్కసారి కూడా నన్ను మానుకోమనలేదు. వెయ్యమని కూడా అనలేదు. ప్రతి వాయిదాకు కారులో తీసుకెళ్ళి, దారంతా రేడియో పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు తినడానికి ఏదో ఒకటి కొనిపెట్టావు. నాకు అంతకంటే కావలసింది లేదు. డీప్ ఫ్రీజర్‌లో అడుగున ఉన్న జింక మాంసం పాతది, పారెయ్యి.

3. నా పికప్ బండి పొరుగింటి ఫెర్న్ నోవోట్ని మనవరాలికి అనుకున్నాను. కానీ ఫెర్న్ నాకు సాక్షి సంతకం పెట్టాలి కాబట్టి ఆ ఇంటికేమీ ఇవ్వకపోవడం మంచిదని నా లాయరు బెర్నడెట్ ఫాల్క్ గారు చెప్పారు. అందుకని ఆ బండి నిన్ననే అమ్మాయికి ఇచ్చేశాను. రెండో గేరు కాస్త మొండికేస్తుంది, తిట్టకుండా నెమ్మదిగా వేస్తే పడుతుంది.

4. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన మా సెనేటరు మెర్ల్ డిట్రిచ్ గారికి, ఆయన ఇంటికి వెళ్ళే కంకర రోడ్డు మలుపులో ప్రతి వసంతంలోనూ నేను పూడ్చిన గుంటను ఇస్తున్నాను. గ్రేడర్ నడిపేవాళ్ళు సగానికి తగ్గిపోయారు కనుక అది ఇప్పుడు ఆయనదే, పూర్తి హక్కులతో అనుభవించవచ్చు. పోయినసారి జాతరలో ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మీలాంటివాళ్ళ సేవను రాష్ట్రం ఎప్పటికీ మరచిపోదన్నాడు. నా పేరేమిటో చెప్పమన్నాను. పక్కనున్న తన ఆఫీసు కుర్రవాడి వైపు చూశాడు.

5. నా శవపేటిక మోయడం గురించి. ఆ తీర్మానానికి బోర్డులో ఏడుగురికి నలుగురు చెయ్యెత్తారు. వాళ్ళలో ముగ్గురు నా పేటిక మీద చెయ్యి వెయ్యకూడదు. పూలు పంపితే తిప్పి పంపండి. నాలుగోవాడు నా కొడుకు డ్వేన్. వాడు మొయ్యాలి, ముందు వైపు.

డ్వేన్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నాకు వడ్డించేవాడు నా కడుపున పుట్టినవాడే, విస్తరి మాత్రం ఖాళీ. తీర్మానం జరిగిన రోజున వాడు ఇంటికి వచ్చి టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. టర్కీ వాగు మీద వంతెన మూసేసి అప్పటికి ఏడాది అయింది, బడి బస్సు పొలాల చుట్టూ తిరిగి పోతోంది. వాడన్నదల్లా ఇదే: "వంతెన కూలితే పోయేది పిల్లలమ్మా." నేనన్నాను: "వంతెనకు నేనెక్కడ అడ్డమొచ్చాను రా? నన్నూ దాన్నీ ఒకే తక్కెడలో పెట్టినవాణ్ణి అడుగు." ముందు నుయ్యి, వెనక గొయ్యి అని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినా నాకు కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. బోర్డు సమావేశంలో కన్నకొడుకు నా ఎదురుగా ఆ తీర్మానానికి చెయ్యెత్తినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

6. కేసు గెలిస్తే నాకు రావలసిన బకాయి మొత్తం, మంగళవారం పొద్దుటి బల్లకు. ధాన్యం గిడ్డంగి పక్క కేఫ్‌లో మంగళవారాలు మేం రిటైరైనవాళ్ళం కూర్చునే బల్ల అది. ఆ డబ్బుతో అందరికీ కాఫీ, గుడ్లు, ఎంతకాలం వస్తే అంతకాలం. ఒక నియమం: లొరెట్టా వచ్చి కూర్చునేదాకా ఎవరికీ పొయ్యకూడదు. లొరెట్టా కౌంటీ జైల్లో వంట చేసింది. పింఛను పెరుగుదల ఆగిన ఏడాది శీతాకాలం నుంచి కడుపులో బాగోలేదంటూ ఆమె రావడం మానేసింది. ఆమె కడుపు రాళ్ళు తిన్నా అరిగించుకుంటుంది. బాగోలేనిది ఏమిటో బల్ల దగ్గర అందరికీ తెలుసు.

7. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత గురించి. మామూలుగా ఇది కొడుక్కి వస్తుంది. నేను ఇవ్వడం లేదు. కారణం చెబుతాను. నేను చనిపోయాక ఈ కేసులో నా స్థానంలో నిలబడేది వీలునామా అమలు జరిపేవాళ్ళే అని ఫాల్క్ గారు చెప్పారు. వాళ్ళు నిలబడితే కేసు నిలబడుతుంది. వాళ్ళు రాజీ కాగితం మీద సంతకం పెడితే అక్కడితో ముగుస్తుంది. ఆ రాజీ కాగితం ఇప్పటికే తయారుగా ఉంది. జూన్‌లో డ్వేనే తెచ్చాడు. నా పింఛను నాకు పూర్తిగా ఇస్తారు, బకాయితో సహా, నాకొక్కదానికి మాత్రమే. వాడు దాన్ని బల్ల మీద పెట్టి చేత్తో చదును చేస్తూ, "నీవరకూ నీకు న్యాయం జరిగిపోతుందమ్మా, ఈ వయసులో నీకెందుకీ తిప్పలు?" అన్నాడు. "నాకొక్కదానికే అయితే దాన్ని న్యాయం అనరు రా, నోరు మూయించడం అంటారు" అన్నాను. వాడు కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు. నాకేదో ఒకటి దక్కాలనే తెచ్చాడు, అది నిజం. రేపు నేను పోయాక, నాకోసమనే, ఆ ప్రేమతోనే వాడు సంతకం పెట్టేస్తాడు. రోజాన్ చేత కూడా పెట్టిస్తాడు, అన్న మాట అది కాదనలేదు.

అందువల్ల ఈ బాధ్యతను విల్మా టాష్నర్‌కు అప్పగిస్తున్నాను. ఇది చదివి ఊరు నవ్వుతుందని తెలుసు. ట్రెజరరు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన విల్మాకూ నాకూ మాటలు లేవు. పెద్ద మంచు తుఫాను ఏడాది మా తమ్ముడి భార్యకు నొప్పులు మొదలైతే నేను కౌంటీ గ్రేడర్‌ను దారి మళ్ళించి వాళ్ళ ఇంటి దారిలో మంచు తోసి ఇచ్చాను. బిడ్డ ఆసుపత్రిలో పుట్టాడు. సొంత పనికి కౌంటీ బండి వాడకూడదని నిబంధన. విల్మా నా మీద ఫిర్యాదు రాసింది, నన్ను జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. మళ్ళీ అంత మంచు పడితే మళ్ళీ అదే చేస్తాను, అది వేరే సంగతి. తర్వాత తెలిసిందేమిటంటే, కౌంటీ కంకర సొంత వాకిట్లో పోయించుకున్నందుకు ఆమె తన మరిది మీద కూడా రాసిందట. ఆ క్రిస్మస్‌కు వాళ్ళింటికి ఎవరూ రాలేదు. విల్మా చుట్టరికం చూడదు, స్నేహం చూడదు, జాలి అసలే చూడదు. తప్పు అనుకున్న కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించగలిగినవాడు ఈ కౌంటీలో ఇంకా పుట్టలేదు. ఇన్నేళ్ళూ నేను ఆమెను ఎందుకు తిట్టుకున్నానో, ఇప్పుడు నాకు కావలసింది సరిగ్గా అదే.

కబురు పెడితే వచ్చింది. గడప దాటకుండానే, "ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు?" అని అడిగింది. దొరకలేదన్నాను. లోపలికి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఈ చిత్తుప్రతిని నిలబడే చదివింది. గసగసాలు కూరిన కొలాచీ బన్నులు పెడితే రెండు తిని, పిండి ఇంకాస్త పొంగాల్సిందంది. ఆ తర్వాత అంది: "నువ్వంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు ఆర్డెల్. కానీ ఆ కాగితం మీద సంతకం మాత్రం పెట్టను. మీవాడొచ్చి కాళ్ళ మీద పడ్డా పెట్టను." ఆమెకు నేను ఇస్తున్నదేమీ లేదు. ఇస్తే తీసుకోదు.

విల్మా, ఇది నీకు నా ఆదేశం: ఎంత ఇస్తామన్నా నా ఒక్కదాని తరఫున రాజీ లేదు. అందరికీ ఇస్తే సరే. ఓడిపోతే పై కోర్టుకు వెళ్ళు. అక్కడా ఓడిపోతే ఓడిపోయామని పేపర్లో పడనివ్వు, అలసిపోయామని మాత్రం పడకూడదు.

8. నా కొడుకు డ్వేన్‌కు, ఎమిల్ వైపు నుంచి వచ్చిన నూట అరవై ఎకరాలు, బావి, మోటారు, కొట్టంతో సహా.

దీని గురించి బల్ల దగ్గర పెద్ద చర్చే జరిగింది. షెరిఫ్ ఆఫీసులో చేసిన లెస్టర్ అయితే నా చెయ్యి పట్టుకుని చెప్పాడు: "తీర్మానం రద్దు చెయ్యడానికి చెయ్యెత్తితేనే భూమి అని రాయి. మీవాడి మెడలు వంచడానికి ఇంతకంటే మంచి తాడు దొరకదు." బోర్డులో ఒక్క చెయ్యి అటు నుంచి ఇటు మారితే చాలు, కోర్టు అక్కర్లేకుండానే తీర్మానం పోతుంది, లొరెట్టాతో సహా అందరూ ఒడ్డున పడతారు. అలాంటి షరతు కోర్టులో నిలవకపోవచ్చని ఫాల్క్ గారు అన్నారు. అయినా భయం పని చేస్తుంది కదా, రాసిపెట్టు అన్నారు బల్ల దగ్గరివాళ్ళు.

నేనూ రాయబోయాను. సగం వాక్యం రాశాను కూడా. అప్పుడు నాకు తెలిసొచ్చింది, నేను రాస్తున్నది ఆ చట్టమే. వంతెన కావాలంటే నీ తల్లి పింఛను తియ్యి అని రాజధానివాళ్ళు వాడి మెడ మీద కత్తి పెట్టారు. పొలం కావాలంటే వంతెన సొమ్ము వదులుకో అని నేను రెండో వైపు నుంచి పెడుతున్నాను. వాళ్ళకు వాడు ఒక ఓటు. నాకు కూడా ఒక ఓటేనా? ఆ కాగితం పొయ్యిలో వేశాను.

కాబట్టి షరతు ఏమీ లేదు. డ్వేన్, నువ్వు చెయ్యెత్తినా ఎత్తకపోయినా భూమి నీది. అక్టోబరులో విల్మా నా వైపు నిలబడుతుంది, నువ్వు కౌంటీ వైపు కూర్చుంటావు. నిన్ను ఓడించడానికి చెయ్యగలిగిందంతా చేసే పోతున్నాను, అందులో దాపరికం లేదు. గెలిచినా ఓడినా ఆ సాయంత్రం ఇంటికెళ్ళి గొడ్లకు మేత వెయ్యి. వాటికి మీ నాన్న ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

పైన రాసినదంతా చదివి చూసుకున్నాను. కొట్టివేతలు లేవు, ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగినవాళ్ళు ప్రయత్నించి చూశారు.

వెండ్లాండ్ కౌంటీ, రెండు వేల పంతొమ్మిది, ఆగస్టు ఇరవై రెండు, గురువారం.

(సంతకం) ఆర్డెల్ ప్రోహాస్కా

సాక్షులు, ఆమె మా ఎదుట సంతకం చేయగా, మేము ఆమె ఎదుట చేసినవి:
ఫెర్న్ నోవోట్ని, పొరుగిల్లు
మైకేలీన్ హౌక్, ఇంటికి వచ్చి చూసే నర్సు