ఒక్క మూత నుంచీ వెలుగు కారకూడదు

మూడో తేదీ

వర్క్‌షాపు యజమాని గారికి,

నమస్కారం. మీ పేరు నాకు తెలియదు. మీ కార్డు మీద కూడా లేదు. "పాత వాద్యాలకు కొత్త జన్మ" అని మాత్రం ఉంది. ఆ కార్డు మా కోడలు తెచ్చి ఇచ్చింది. ఆమె ఇచ్చే సలహాలను సాధారణంగా నేను రెండు రోజులు పక్కన పెట్టి చూస్తాను. ఈసారి అంత వ్యవధి లేదు.

రేపు ఉదయం పదింటికి వ్యానులో ఒక బేస్ శాక్సఫోన్ మీ దగ్గరికి వస్తుంది. నిలబెడితే నా భుజం దాకా ఉంటుంది. మా ఇంటాయనది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయన చేతికి వచ్చేనాటికే అది ముసలిది. రంధ్రాల మీద మూతలు ఇరవై ఒకటి. సొట్టలు ఇరవై మూడు. సొట్టల జాబితా, కొలతలతో, బొమ్మతో జతపరిచాను. మీరు దించుకున్నాక ఇరవై నాలుగోది కనిపిస్తే అది మీ ఖాతాలోది.

దాన్ని మెడకు తగిలించుకునే శక్తి మా ఇంట్లో ఎవరికీ లేదు. కాబట్టి చక్రాలున్న స్టాండు మీద నిలబడాలి. మిగిలిన మార్పులు మీరు చూసి అడిగితే రాస్తాను. ఈ నెల ఇరవై ఎనిమిదిన మా విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షికోత్సవం. ఆ సాయంత్రం హాల్లో నాలుగు వందల మంది ఎదుట అది పని చెయ్యాలి. చెయ్యదనే నమ్మకంతో సంఘం కార్యదర్శి ఒక యంత్రం కొని అట్టపెట్టెలో సిద్ధంగా ఉంచాడు. ఆ యంత్రం ఒక్కసారి లోపలికి వచ్చిందా, మా ఇంటాయన వాద్యం ఇక ఆ హాలు గడప తొక్కదు.

వాద్యాలు బాగుచేసే మనిషికి వాద్యం దేనికి పనికొస్తుందో చెప్పడం మర్యాద కాదు. అందుకని ఇంతకంటే వివరించను. ఫోను చెయ్యవద్దు. ఫోనులో చెప్పిన మాటకు నకలు ఉండదు.

ఇట్లు,
విశ్రాంత లెక్కల టీచరు

తా.క.: పదకొండో సొట్ట తియ్యవద్దు. పెళ్ళయిన ఆరో ఏట నేను విసిరిన గరిటెది. గురి ఆయనకే పెట్టాను, శాక్సఫోన్ అడ్డం వచ్చింది.


ఆరో తేదీ

పెద్దమ్మగారికి, షాపు యజమాని వెయ్యి నమస్కారాలు.

మీ సరుకు క్షేమంగా చేరిందమ్మా. ముగ్గురం కలిసి దించాం. ఇరవై నాలుగో సొట్ట లేదు, రెండుసార్లు లెక్కపెట్టించాను. ఇంత పెద్ద పీసు మా షాపుకి రావడం ఇదే మొదటిసారి.

మా పని ఎలాంటిదో రెండు ముక్కలు చెప్తాను. ఒక డాక్టరుగారి క్లారినెట్ చేశాం. ఆయన దాన్ని మంచం పక్కనే పెట్టుకున్నారు. రోజూ పడుకునే ముందు గంటసేపు వాడితే గాని నిద్ర పట్టదట. ఒక హోటలు వాళ్ళకి ఆరు ట్రంపెట్లు మెట్ల పక్కన వరసగా పెట్టాం. సాయంత్రం ఆరు కాగానే అన్నీ ఒక్కసారి మొదలవుతాయి, తెల్లారేదాకా ఆపరు. గదుల్లో దిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కంప్లైంటు చెయ్యలేదు! మీదైతే అంత పెద్ద హాలుకీ ఒక్కటే చాలు.

అట్టపెట్టెలో వచ్చే యంత్రాల సంగతి మాకు తెలీదా అమ్మా! బటన్ నొక్కితే వంద రకాలుగా మారుతుంది, వారం తిరిగేసరికి చూసేవాళ్ళకి తలనొప్పి. మన దాన్ని చూశాక మీ కార్యదర్శిగారు ఆ పెట్టె విప్పితే ఒట్టు.

మీరు మూడు సంగతులు చెప్పాలి. లోపల పెట్టే లైటు పసుపా, తెలుపా? తీగ లోపలి నుంచి లాగమంటారా? నొక్కేది ఎక్కడ ఉండాలి, ఏ చేతికి అందాలి? మా రంగుల పుస్తకం కూడా పంపుతున్నాను. పదకొండో పేజీ తప్పకుండా చూడండి.

మీ సేవలో,
షాపు యజమాని

తా.క.: గరిటె సొట్ట మా పనివాళ్ళందరికీ చూపించాను. పెళ్ళికానివాళ్ళు నవ్వారు. పెళ్ళయినవాళ్ళు నిమిషం సేపు మౌనంగా నిలబడ్డారు.


ఎనిమిదో తేదీ

వర్క్‌షాపు యజమాని గారికి,

మీ రంగుల పుస్తకం నేను చూడలేదు. ప్రకటనలు చదివే అలవాటు నాకు లేదు. కోడలు దాన్ని తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి నవ్వు వినిపించింది. కారణం అడిగితే "ఏం లేదత్తయ్యా" అంది.

పడుకునే ముందు మంచం మీద గంటసేపు క్లారినెట్ వాడే ఆ డాక్టరు ఎవరో రాయండి. ఆయన దగ్గరికి వెళ్ళకుండా జాగ్రత్తపడతాను. ఆ హోటలు పేరు కూడా రాయండి.

ఇక మీ ప్రశ్నలు. లోపల లైటు పెట్టి చూడటం నాకు కొత్త కాదు. మా ఇంటాయన కాలంలో ఈ పని చేసిన ముసలాయన కూడా పెట్టేవాడు. పసుపో తెలుపో మీ ఇష్టం. నాకు కావలసింది ఒకటే. మూతలన్నీ మూసినప్పుడు ఒక్క మూత అంచు నుంచి కూడా వెలుగు కారకూడదు. వెలుగు కారే చోట గాలీ కారుతుంది. ఇరవై ఒక్క మూతలకూ తోలు మెత్తలు కొత్తవి వెయ్యండి. ఇంటికి వచ్చాక కిటికీలు మూసి, లోపలికి టార్చి దించి నేనే చూస్తాను. సూదిమొనంత వెలుగు కనిపించినా అదే వ్యానులో వెనక్కి వస్తుంది.

లోపల తీగ ఉండటానికి వీల్లేదు. దారి పై నుంచి కింది దాకా ఖాళీగా ఉండాలి. తాడుకు గుడ్డ కట్టి లాగితే ఎక్కడా తగలకుండా రావాలి.

నొక్కేది ఎడమ చేతి చిటికెన వేలు. దాని కింద ఉండే అడుగు కీ చాలా దూరంగా ఉంది. మా ఇంటాయన వేళ్ళు పొడవు, ఇప్పుడు నొక్కే వేలు పొట్టిది. ఆ కీని ముప్పాతిక అంగుళం ఇవతలికి తీసుకురండి. తాకగానే పని చెయ్యాలి. మొరాయించకూడదు.

ఇట్లు,
విశ్రాంత లెక్కల టీచరు

తా.క.: మీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. పదికి నాలుగు.


ఇరవై నాలుగో తేదీ, ఉదయం

అమ్మగారికి, పదికి నాలుగు తెచ్చుకున్నవాడి నమస్కారాలు.

ఈ ఉత్తరంతోపాటు మీ వాద్యం వస్తోంది.

నిజం చెప్పొద్దూ, మీ ఉత్తరం చదివి మూడు రోజులు బుర్ర పనిచెయ్యలేదు. లైటు పెట్టమంటారు, వెలుగు బయటికి రాకూడదంటారు! మా డిజైనరు మాత్రం కళ్ళు మూసుకుని, "చాలా లోతైన అభిరుచి సార్" అన్నాడు. గాలి కారకూడదన్నది పురుగులు దూరతాయనే కదమ్మా? ఇంత ముందుచూపు ఏ కస్టమరుకీ లేదు.

తోలు మెత్తలు వేసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు! అటక మీంచి మా నాన్నగారి పనిముట్ల పెట్టె దించాను. తొమ్మిదేళ్ళయింది దాన్ని ముట్టి. ఇరవై ఒక్క మెత్తలూ నా చేత్తో నేనే వేశాను. ఏడో మూత నాలుగుసార్లు విప్పి బిగించాను. ఇప్పుడు సూదిమొన కాదు, వెంట్రుక మందం వెలుగు కూడా రాదు.

లోపల తీగ లేదు. పెద్ద నోటి అంచుకి లోపలివైపు చుట్టూ చిన్న బల్బుల కడియం అతికాం. తీగ బయటి నుంచే వెళ్ళి స్టాండులో దాక్కుంటుంది, బ్యాటరీ కూడా అక్కడే. మీరన్నట్టు అడుగు కీని ఇవతలికి తెచ్చి స్విచ్ దానికే కలిపాం. చిటికెన వేలితో అలా తాకారా, నోరంతా వెలుగే! ఇంత అందమైన దీపం ఇంకే ఇంట్లోనూ ఉండదు, పందెం.

మీ సేవలో,
షాపు యజమాని

తా.క.: ఊదే మూతిముక్క దీపానికి దేనికిలే అని పారెయ్యబోయాం. గరిటె గుర్తొచ్చి, డబ్బాలో పెట్టి పంపాం.


ఇరవై నాలుగో తేదీ, సాయంత్రం

అయ్యా,

దీపం! నాలుగు ఉత్తరాల్లో ఆ మాట మొదటిసారి ఇవాళ చూశాను.

వెంటనే కోడలి అలమర తెరిచాను. మీ రంగుల పుస్తకం చీరల కింద దొరికింది. పదకొండో పేజీ మూల మడిచి ఉంది. డాక్టరుగారి క్లారినెట్ నెత్తిన గుడ్డ టోపీ, లోపల బల్బు. ఆ డాక్టరు విషయంలో నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను. మీ విషయంలో కొత్తగా ఏర్పరచుకుంటున్నాను.

కోడల్ని పిలిచి నిలదీశాను. "మనింటి హాల్లో నాలుగేళ్ళుగా అడ్డంగా పడి ఉంది, దీపమైనా అయితే ఉపయోగమని..." అని నసిగింది. "అడ్డంగా పడి లేదు, నిలబడి ఉంది" అన్నాను.

రాయనవసరం లేదనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. శాక్సఫోన్ అనేది వాయించడానికి. ఇరవై ఎనిమిదిన మా సంఘం బ్యాండులో దాన్ని వాయించాలి. వాయించేది నేను. కార్యదర్శి పెట్టెలో ఉన్నదీ దీపం కాదు, బటన్ నొక్కితే బ్యాండంతా తానే వాయించే యంత్రం. ఆ బ్యాండు మేమంతా ఉద్యోగాల్లో ఉన్నప్పటిది, అందులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన వాయించారు. నేను ముందు వరుసలో కూర్చుని లెక్కపెట్టాను. ఎందుకంటే ఆయనకు లెక్క నిలిచేది కాదు. ప్రతి తాళావర్తనం మొదట్లో నేను వేలెత్తేదాన్ని, ఆయన అన్నిటికంటే కిందిదైన అడుగు స్వరం ఊదేవారు, దాన్ని పట్టుకుని మిగతా పదిమందీ నడిచేవారు. ఆయన పోయాక ఆ కుర్చీలో కూర్చుని నేనే నేర్చుకున్నాను. గాలి కారడం వల్ల సగం స్వరాలు వచ్చేవి కావు. వచ్చిన సగం కోడలికి నచ్చేవి కావు.

ఇవాళ కిటికీలు మూసి చూశాను. తరవాత ఊదాను. అడుగు స్వరం నాలుగేళ్ళలో మొదటిసారి నిండుగా వచ్చింది. నేల అదిరింది. ఆ మరుక్షణం నోరంతా వెలిగింది. రెండో పాట ఒక్కదానిలోనే నా భాగంలో ఆ స్వరం నూట పన్నెండుసార్లు ఉంది. నాలుగు వందల మంది ముందు నేను నూట పన్నెండుసార్లు కూడలిలో సిగ్నల్ దీపంలా వెలిగి ఆరాలా? ఇరవై ఏడులోగా వచ్చి తియ్యండి.

ఇట్లు,
విశ్రాంత లెక్కల టీచరు

తా.క.: మెత్తలు వేసిన చేతికి పదికి తొమ్మిది. దీపం పెట్టిన చేతికి సున్న. రెండూ ఒకరి చేతులే అయినా సగటు కట్టను.


ఇరవై ఆరో తేదీ

అమ్మగారి పాదాలకు,

ఏ ముఖం పెట్టుకుని రాయను? కడియాన్ని టంకం వేసి అతికాను. వేడి చేసి విప్పాలంటే వారం పని, కంగారుపడితే నోరు వంకర పోతుంది. ప్రస్తుతానికి ఒకటే దారి. స్టాండు వెనక చిన్న మూత తెరిచి బ్యాటరీ లాగెయ్యండి. ఇక వెలగదు. పండగలా ఊదుకోండి.

మా నాన్నగారు వాద్యాలు బాగుచేసేవారమ్మా. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రాను రాను బాగుచెయ్యమని వచ్చేవాళ్ళు తగ్గి, "దీన్ని షోకేసులో పెట్టేట్టు చెయ్యవయ్యా" అనేవాళ్ళు పెరిగారు. ఒకాయన తాతగారి కార్నెట్ తెచ్చి గొడుగుల స్టాండు చెయ్యమన్నాడు. చేశాను. బాగా వచ్చింది కూడా. ఆ రోజు నాన్నగారి పెట్టె అటకెక్కించాను.

మీ దానికి మెత్తలు వేశాక ఒక్కసారి ఊది చూడాలని చెయ్యి లాగింది. దీపాన్ని ఊదుతున్నాడేమిట్రా అని పనివాళ్ళు నవ్వుతారని మానేశాను. ఊది ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

క్షమాపణలతో,
షాపు యజమాని

తా.క.: నాన్నగారు నాకెప్పుడూ పదికి ఆరు దాటి వెయ్యలేదు. మీ తొమ్మిది ఉన్న కాగితానికి ఫ్రేము కట్టించాను. దానికి లైటు పెట్టలేదు.


ముప్పయ్యో తేదీ

నాయనా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బ్యాటరీ తీసి, కోడలి చేతిసంచిలో వేసి హాలుకి వెళ్ళాం. ఆమె ముందు వరుసలో, నేను ఒకప్పుడు కూర్చునే కుర్చీలో కూర్చుంది. అట్టపెట్టె వేదిక పక్కనే ఉంది. దాని మీద కార్యదర్శి చెయ్యి ఉంది.

మొదటి పాటలోనే పరువు పోయింది. మా బ్యాండు మాస్టారికి కుడిచెవి వినపడదు, ఎడమచెవి ఎవరి మాటా వినదు. ట్రాంబోన్ వాయించేది విశ్రాంత న్యాయమూర్తి. తీర్పుల్లాగే స్వరాలనూ వాయిదా వేస్తాడు. డోలు మనిషి అందరికంటే ముందే పాట ముగించి కూర్చున్నాడు. నా స్వరాలన్నీ లెక్క ప్రకారమే పడ్డాయి. కానీ ఎవరి చప్పుడులో వాళ్ళుండగా నాది వినేదెవరు? ఆయన రోజుల్లో వాళ్ళు చెవులతో నడిచారనుకున్నాను. కాదట, తరవాత కోడలు చెప్పింది. అందరూ నా వేలే చూసేవారట. ఈ సంగతి ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు. ఆయన కూడా.

కార్యదర్శి పెట్టె మీది టేపు చింపడం మొదలుపెట్టాడు. అప్పుడు కోడలు గబగబా వేదిక ఎక్కింది.

"అత్తయ్యా, మీ వేలేది?"

"కీ మీద ఉంది, కనపడటం లేదా?" అన్నాను.

"నాకు కాదు, వాళ్ళకి కనపడటం లేదు" అని, నా అనుమతి లేకుండా స్టాండు మూత తెరిచి బ్యాటరీ తోసింది. కార్యదర్శి వైపు తిరిగి, "ఇంకొక్క పాట ఆగండి బాబాయిగారూ, ఆ టేపు ఎక్కడికీ పోదు" అంది.

రెండో పాట. నేను అడుగు స్వరం ఊదాను. నోరు వెలిగింది. పదిమంది తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. మళ్ళీ ఊదాను, మళ్ళీ వెలిగింది. మూడోసారికి డోలు వచ్చి కలిసింది. ఎనిమిదోసారికి న్యాయమూర్తి కూడా లొంగిపోయాడు. నూట పన్నెండుసార్లు వెలిగింది, నూట పన్నెండుసార్లూ అందరూ ఒకేచోట అడుగు వేశారు. చివర్లో మాస్టారు వచ్చి, "ఇన్నేళ్ళకి మీ ఆయన లెక్క తప్పలేదమ్మా" అన్నారు. ఎన్నడూ తప్పనిది ఎవరి లెక్కో నేను చెప్పలేదు. ఆ ఒక్క పద్దు ఆయన పేరనే ఉండనిచ్చాను.

కడియం విప్పవద్దు. మీ సున్న కొట్టేశాను. న్యాయమూర్తి ట్రాంబోన్, ఇంకో మూడు వాద్యాలు ఎల్లుండి మీ దగ్గరికి వస్తాయి. వాటికి లైటు పెట్టి చూడండి. చూసి, తీసెయ్యండి. మీ నాన్నగారి పెట్టె మళ్ళీ అటకెక్కించవద్దు.

ఇట్లు,
బేస్ శాక్సఫోన్, విశ్రాంత ఉద్యోగుల బ్యాండు

తా.క.: మా ఇంటి హాల్లో మూల ఖాళీగా ఉంది, దీపం కావలసిందేనని కోడలు పట్టుబడుతోంది. అడిగే హక్కు సంపాదించుకుంది కనుక ఒప్పుకున్నాను. కార్యదర్శిగారి యంత్రం ఇక ఎవరికీ అక్కర్లేదు, వ్యానులో పంపుతున్నాను. దాన్నే దీపం చెయ్యండి. వెలుగు ఎక్కడి నుంచి కారినా నాకు అభ్యంతరం లేదు.