ఆటలో బోల్టు ఎవరు బిగించారు?

తమ్ముడూ,

అన్న బోల్టు సరిగ్గా బిగించలేదు, అందుకే నువ్వు నడిపిన హెలికాప్టర్ కూలిందని పదకొండేళ్ల కిందట విచారణలో చెప్పావు. నీ కాళ్లు పోయాయి, నా మెకానిక్ ఉద్యోగం పోయింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆటలో యుద్ధ హెలికాప్టర్ నడుపుతున్నావు. ఆ ఆటలో రోజూ కొండ చాటు నుంచి నిన్ను కాల్చి పడేసే శత్రువుని నేనే.

నిన్న నేను కాల్చలేదు. అయినా కూలావు. ముందుకు పోనివ్వకుండా నిట్టనిలువుగా గబగబా దించావు; అలా దించితే హెలికాప్టర్ తన రెక్కల గాలిలోనే చిక్కి కూలిపోతుంది. మైకు ఆపడం మరిచి, “అయ్యో, ఆ రోజు చేసిన తప్పే మళ్లీ చేశాను!” అని ఏడ్చావు. రికార్డు చేసుకున్నాను.

ఆటలో బోల్టు నేను బిగించలేదు కదరా?

తప్పు నీదేనని రాసి, సంతకం పెట్టి పంపు. లేకపోతే, ఇన్నాళ్లూ నీ ఒళ్లు తుడుస్తూ నన్ను తిట్టిపోసే మీ ఆవిడకి ఆ ఏడుపు వినిపిస్తాను. ఆదివారం దాకా చూస్తాను.

మీ అన్న