పెట్రోల్ మాత్రమే, మీకే చెప్పేది

బావమరిదికి,

అందరూ క్షేమమని తలుస్తాను. మీ అక్క నర్సరీ బండిని లారీకి కట్టి పంపుతున్నాను. ఇంజిన్ పూర్తిగా పట్టేసింది. ఈ రకం పెట్రోల్ ఇంజిన్ ఇప్పుడు ఎక్కడా దొరకదని, డీజిల్ ఇంజిన్ పెట్టడం ఒక్కటే దారని నువ్వన్నావు. సరే. అదే పెట్టు.

బడి ఆవరణలో నాటడానికి మన నర్సరీ నుంచి మొక్కలిస్తానని మీ అక్క మాట ఇచ్చింది. తను ఒప్పుకున్న చివరి పని అది. మొక్కలు సిద్ధంగా ఉన్నాయి. వానలు ముదిరేలోగా చేర్చాలి. దానికి బండి కావాలి.

ఇంజిన్ తప్ప ఇంకేదీ మార్చవద్దు. సీటు, తలుపు, అద్దం, టాంకు మూత ఎలా ఉన్నవి అలాగే ఉండాలి.

చెల్లెమ్మనీ పిల్లలనీ అడిగానని చెప్పు.

బావ

తా.క. ఎడమ తలుపు కొంచెం పైకెత్తి లాగితేనే తెరుచుకుంటుంది. అది చెడిపోవడం కాదు. దాని అలవాటు.

~

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేద్దామంటే షెడ్డులో సుత్తుల మోతకి నా మాట నాకే వినపడదు. మీరేమో ఫోన్లో 'సరే' తప్ప ఇంకో మాట అనరు. కనక ఉత్తరమే నయం.

రొట్టెలు పంచే వ్యాను ఒకటి తుక్కు కిందకి పోతుంటే దాని డీజిల్ ఇంజిన్ పట్టుకున్నాను. గట్టి పిండం. అయితే పాత ఇంజిన్ కూర్చున్న చోట కూర్చోనని మొండికేసింది. ఛాసిస్‌కి ఉన్న పాత దిమ్మెలు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేశాను. మన పాత గేరుబాక్సుకీ దీనికీ సంబంధం కుదర్చడానికి మధ్యవర్తిలా ఒక ఇనప పలక పెట్టాల్సి వచ్చింది. అంతా అయిందనుకుని బానెట్ దించితే అది మూతపడలేదు. ఇంజిన్ నాలుగు వేళ్ళు పొడుగు. బానెట్ మధ్యలో కోసి బొడిపె తేల్చాను. మీరు ఏదీ మార్చొద్దన్నారు గానీ బావగారూ, ఇంజిన్ని పొట్టి చెయ్యడం నావల్ల కాలేదు.

ఇక టాంకు మూత. దాని మీద 'పెట్రోల్ మాత్రమే. మీకే చెప్పేది' అని ఉంది కదా. కొత్తగా చేరిన వెల్డరు చూసి "ఎవరికండీ చెప్పేది?" అన్నాడు. "ఇంకెవరికి, మా బావకి" అన్నాను. ఇక ఆ కథంతా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పెళ్ళికి వెళ్తూ మీరు ఈ పెట్రోల్ బండిలో డీజిల్ పోయించడం, అది పొగలు కక్కుతూ నడిరోడ్డు మీద కూలబడటం, అక్కా మీరూ కొత్తబట్టల్లో దాన్ని మా షెడ్డుదాకా తోసుకురావడం, ఆ పూటే మూత మీదకి అక్క మాట ఎక్కడం. ఆ కథకి మా వాళ్ళు చేతిలో పని పక్కన పెడతారు.

ఇప్పుడిది డీజిల్ బండి కనక 'పెట్రోల్' మీద రంగు పూయించి 'డీజిల్' అని రాయించాను. బండిని మా డ్రైవరు తెచ్చి అప్పగించి, సంగతులన్నీ చెప్పి వస్తాడు.

మీ మేలు కోరే
బావమరిది

తా.క. 'మీకే చెప్పేది' అన్నది మాత్రం చెరపలేదు. అది ఇంజిన్ని బట్టి మారే మాట కాదు.

~

బావమరిదికి,

బండి చేరింది. బాగా లాగుతోంది. బొడిపె చూశాను. అలవాటవుతుంది.

రెండు విషయాలు.

ఒకటి. డ్రైవరు వెళ్ళాక వీధి చివరిదాకా నడిపి తెచ్చి ఇంటి ముందు ఆపాను. తాళం తిప్పాను. ఇంజిన్ ఆగలేదు. తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఆగలేదు. తలుపు వేసి లోపలికి వెళ్ళి భోంచేసి వచ్చాను. ఇంకా నడుస్తూనే ఉంది. ఎదురింటి దర్జీ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేదన్నాడు. రిటైరైన పోస్టుమాస్టరు గారు, నూనె అయిపోతే అదే ఆగుతుందని కుర్చీ తెప్పించుకున్నారు. సాయంత్రానికి ఆగింది. డీజిల్ ఇంజిన్లు ఇలాగే ఆగుతాయా? తెలియజెయ్యి.

రెండు. మూత మీద కొత్త రంగు కిరసనాయిలుతో తుడిచేశాను. కింద పాత రంగు చెక్కుచెదరలేదు. మళ్ళీ రాయించవద్దు.

బావ

తా.క. ఆ మధ్యాహ్నమంతా వీధిలో వాళ్ళు బండి చుట్టూ చేరి మాట్లాడుకున్నారు. దర్జీ భార్య అందరికీ టీ ఇచ్చింది. మా గుమ్మంలో అంతమంది నిలబడి చాలా రోజులైంది. ఈ మాట ఫిర్యాదుగా రాయడం లేదు.

~

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఇది పాతకాలపు డీజిల్. తాళంతో ఆగదు. స్టీరింగు కింద నల్ల బొత్తం ఉంటుంది. దాన్ని బయటికి లాగి పట్టుకుంటే ఆగుతుంది. గేరులో వేసి క్లచ్చి వదిలేసినా ఆగేది. డ్రైవర్ని పిలిచి "చెప్పలేదా?" అంటే, "చెప్పానండి, ఆయన సరే అన్నారు" అన్నాడు. మీరు సరే అన్నారంటే విన్నట్టా, వినిపించుకోనట్టా అనేది అక్కకే తెలిసేది. పాపం డ్రైవరుకి ఏం తెలుసు?

మూత సంగతి అర్థమైంది. రాత నచ్చలేదు మీకు. నిజమే, అక్షరాలు ఒక పక్కకి కూలబడ్డాయి. లారీల మీద రాసే మా రంగుల తాతకి ఈ మాట చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకుని, పూట భోజనం మానేసి, రేకు పలక మీద నీలం అక్షరాలతో 'డీజిల్' అని రాశాడు. చుట్టూ తీగ, మూలకో పువ్వు. పార్సిల్లో పంపుతున్నాను. పాత రాత మీద మరలతో బిగించండి. అది మళ్ళీ కనబడదు.

మీ మంచి చెడ్డలు కనిపెట్టుకుని ఉండే
బావమరిది

తా.క. తాళం తిప్పగానే స్టార్టు చెయ్యకండి. ఎర్ర దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగాలి. లోపల వేడెక్కాలి కదా.

ఇంకో తా.క. ఆ నల్ల బొత్తం బండి నడుస్తుండగా లాగకూడదు. ఇది కూడా డ్రైవరు చెప్పాడట.

~

బావమరిదికి,

నీ ఉత్తరం రాకముందే నల్ల బొత్తం దొరికింది. వాన పడుతుంటే వైపరు బొత్తమనుకుని నాలుగు రోడ్ల కూడలి మధ్యలో లాగాను. ఇంజిన్ వెంటనే ఆగింది. నీ పనితనంలో లోపం లేదు.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, ఏమైందని అడిగాడు. వైపరు వేశానన్నాను. అతను విజిల్ వేసి నలుగురిని పిలిచి బండిని పక్కకి తోయించాడు.

ఎర్ర దీపం ఆరేదాకా ఆగుతున్నాను. ఆగడం నాకు కష్టం కాదు.

రేకు పలక తిరిగి పంపుతున్నాను. రంగుల తాతకి నా కృతజ్ఞతలు చెప్పు. పువ్వులు బాగున్నాయి. పలక నాకు అక్కర్లేదు.

బావ

తా.క. బడి ప్రధానోపాధ్యాయురాలు మొక్కల కోసం మనిషిని పంపింది. గుంతలు తవ్వించారట. పిల్లలు వాటిలో పడుతున్నారట.

~

బావగారికి నమస్కారాలు.

పలక తిరిగొచ్చింది. దాన్ని చూసిన దగ్గర్నుంచీ మీ చెల్లెమ్మ నన్ను నిలబడనివ్వడం లేదు, కూర్చోనివ్వడం లేదు. "కొత్త రాత తుడిచేశారు, పలక పంపేశారు. ఇంకా అర్థం కాలేదా? అన్నయ్యగారు బండి అమ్మేస్తున్నారు. పెట్రోల్ బండని చెప్పి ఎవరికో అంటగడతారు" అంటోంది. "మా బావ అలాంటివాడు కాదే" అంటే, "బాధలో ఉన్న మనిషి ఏమైనా చేస్తాడు. మీ అక్క బండి పరాయివాళ్ళ పాలైతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది. మొన్న నిజంగానే వెలగలేదు.

బావగారూ, ఆ ఆలోచన ఉంటే ముందు నాకు చెప్పండి. నేనే తీసుకుంటాను. లేదూ, డీజిల్ మీకు పడటం లేదంటే అదైనా చెప్పండి. పాత ఇంజిన్ షెడ్డు మూల గోనెపట్టా కింద అలాగే ఉంది. తుక్కువాడు రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. దేనికి ఇవ్వలేదంటే నాకే తెలియదు.

నోరు తెరిచి ఒక్క మాట రాయండి. 'సరే' కాకుండా.

మీ జవాబు కోసం, భోజనం కోసం ఎదురుచూసే
బావమరిది

తా.క. బంకులో వాళ్ళు మూత మీద ఉన్నదే చదువుతారు. దగ్గరుండి పోయించండి.

~

బావమరిదికి,

బండి అమ్మడం లేదు. చెల్లెమ్మని పొయ్యి వెలిగించమను.

ఈ ఉత్తరంతో పాటు బండి కూడా వస్తోంది. లారీకి కట్టి. బడికి బయల్దేరే ముందు డీజిల్ పోయించుకు రమ్మని తోటమాలిని పంపాను. తను డీజిల్ అనే చెప్పాడట. బంకు మనిషి మూత చూపించి, "చదువుకున్నవాళ్ళు రాసింది నిజమా, నువ్వు చెప్పేది నిజమా" అన్నాడట. పెట్రోల్ పోశాడు. మలుపు దాటకముందే ఇంజిన్ రాళ్ళు నమిలినట్టు చప్పుడు చేసి ఆగింది.

కబురు అంది నేను వెళ్ళేసరికి మొక్కలన్నీ బండిలోనే ఉన్నాయి. రోడ్డు పక్కన దించి, ఒక ఇంటావిడని బకెట్టు అడిగి నీళ్ళు పోశాను. వాడిపోలేదు. వెనక్కి తెచ్చాను. ఇంకొంతకాలమే ఆగుతాయి.

ఇంజిన్ చూడు. మూత జోలికి పోవద్దు. తోటమాలి బండితో వస్తున్నాడు.

బావ

తా.క. పోయించింది నేను కాదు. మీ అక్క ఉంటే నమ్మేది కాదు.

~

బావగారికి నమస్కారాలు.

భయం లేదు. వెంటనే ఆగిపోవడం మంచిదైంది, పంపు బతికింది. టాంకు కడిగి, గొట్టాలన్నీ ఊదించి, ఫిల్టరు మార్చాను. ఇంజిన్ మళ్ళీ దాని గోల అది పెడుతోంది.

మీ తోటమాలి భోజనాల దగ్గర ఒక మాట చెప్పాడు. పొద్దున్నే మీరు బండి దగ్గరికి వచ్చి, అద్దం తుడవరట, కిటికీల గాజు తుడవరట, టాంకు మూత ఒక్కటీ తుడిచి లోపలికి వెళ్తారట. మీ చెల్లెమ్మ వడ్డిస్తున్నదల్లా గరిటె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ముందే చెబితే ఏం పోయేది బావగారూ? ఆ రాత మీద రంగు పూయించాను, పలక బిగించమన్నాను. నేను ఎంత మొద్దునో మీరు ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

కనక ఇలా చేశాను. బండికి కుడి పక్కన కొత్త టాంకు బిగించాను, దానికి వేరే మూత. రంగుల తాత పలక దాని మీద పెట్టాను, పువ్వులతో సహా. ఎడమ పక్క పాత మూత ఉన్నచోటే ఉంది. దాని వెనక గొట్టం లేదు, టాంకు లేదు. తెరిస్తే నేల కనబడుతుంది. ఎవరేం పోసినా రోడ్డు మీద పడుతుంది.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. చెప్తే ఏమనుకుంటారోనని మీ చెల్లెమ్మ వద్దంటోంది. ఆ అక్షరాలు అక్కవి కావు, నావి. మీరు బండి తోసుకొచ్చిన రోజు రంగుల తాత రాలేదు. అక్క చెప్పింది, నేను రాశాను. "'మీకే చెప్పేది' ఎందుకక్కా?" అంటే, "అది లేకపోతే ఆయన ఇంకెవరికో అనుకుంటారు, రాయి" అని అటు తిరిగి నిలబడింది. భుజాలు వణుకుతున్నాయి. అంత కోపంలో అక్కని నేనెప్పుడూ చూడలేదు.

మీరు పొద్దున్నే తుడిచేది నా రాత. ఇక తుడవాలనిపించకపోతే మానెయ్యండి. నేనేమీ అనుకోను.

మీ మొద్దు
బావమరిది

తా.క. అద్దం తిప్పలేదు. అక్క కూర్చునే ఎత్తుకి ఉంది కదా, నడిపి చూస్తే నాకు వెనక రోడ్డు కనబడలేదు, బండి వెనక తొట్టిలో మొక్కలుండే చోటే కనబడింది. మీరు రోజూ ఎలా నడుపుతున్నారో, మీకూ వెనక వచ్చేవాళ్ళకీ తెలియాలి.

~

బావమరిదికి,

మొక్కలు బడికి చేరాయి. పిల్లలు ఒక్కో మొక్క పట్టుకుని గుంతల దగ్గరికి పరుగెత్తారు. ఇద్దరు ఒకే గుంతలో పడ్డారు. మొక్కలకేమీ కాలేదు. ప్రధానోపాధ్యాయురాలు మీ అక్క గురించి అడిగింది. చెప్పాను. తర్వాత ఇద్దరం కాసేపు మొక్కలకి నీళ్ళు పోశాం.

తిరిగి వస్తూ బంకు దగ్గర ఆగాను. అదే మనిషి తిన్నగా ఎడమ పక్కకి వెళ్ళి, చదివి, మూత తీసి, వంగి చూశాడు. తన చెప్పులు కనబడ్డాయట. నేను దిగి కుడి పక్క చూపించాను. "మరి ఇదెందుకండీ?" అన్నాడు. "అది నాకు" అన్నాను.

రాత నీదని నాకు మొదటి నుంచీ తెలుసు. ఇన్నేళ్ళు నీ ఉత్తరాలు చదివినవాణ్ణి. మాట తనది. తుడవడం మానను.

చెల్లెమ్మకి ఆశీస్సులు. పాత ఇంజిన్ తుక్కువాడికి ఇవ్వవద్దు. దేనికని నన్ను కూడా అడగవద్దు.

బావ

తా.క. ఆ పెళ్ళి రోజు డీజిల్ పోయించింది నేను కాదు. మీ అక్క. నేను వెనక మొక్కల మధ్య బహుమతి పట్టుకుని కూర్చున్నాను. షెడ్డుకి చేరాక మీ అందరి ముందూ నా పేరు చెప్పింది. నేను సరే అన్నాను. అటు తిరిగి నిలబడింది కోపంతో కాదు. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

షెడ్డులో చెప్పవద్దు. ఆ పేరు నాకే ఉండనీ.