గమ్ము పెట్టి మూసిన పేజీలు

గోదావరిఖని,
ఆదివారం.

అక్కా,

నీ కాళ్లకు ఇక్కడి నుంచే మొక్కుతున్న. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? బావ షుగరు గోళీలు యాదితోని వేసుకుంటున్నడా? నేను బాగనే ఉన్న, ఫికర్ చెయ్యకు.

ఇక్కడి ఎండ సంగతి చెప్పేటట్టు లేదు. దండెం మీద తెల్లచీర ఆరేస్తే పొద్దుగూకేసరికి బొగ్గు దుమ్ముతోని మసక రంగు తిరుగుతది. నలభై ఏండ్లు దాటినంక ఒంటిగదిలో ఒక్కదాన్నే ఉండుడు కష్టమే గని అలవాటైతున్నది. మెస్సు సాంబారు ఉత్త నీళ్లే. ఎవరన్న ఇటు వస్తుంటే మామిడికాయ తొక్కు పంపు.

కాలేజీ ఎట్లున్నదని అడిగినవు. ఫోనుల చెప్పబుద్ధి కాలేదు. అసహ్యం పుడుతున్నదక్కా.

డిగ్రీ పిల్లలకు ఒక నవల చెప్తున్న. అందులో సర్కారు కొన్ని మాటలను నిషేధిస్తది. 'ఆకలి' అన్న మాట ఎవరి నోట రావద్దు. ఎవరన్నరో విని పేర్లు రాసుకొచ్చే గుమస్తాదే కథంతా. సోమక్క అని రొట్టెలమ్మే మనిషి కొన్ని పేజీల్లోనే కనబడుతది. ఎదురైన ప్రతి ఒక్కరినీ "ఆకలైతున్నదా బిడ్డా?" అంటది. తన పేరు రాసుకోవడానికొచ్చిన గుమస్తానూ అట్లనే అడుగుతది. వాడు రొట్టె తింటడు, పేరు రాయలేకపోతడు, ఆఖరుకు నౌకరే వదిలిపోతడు. ఆమె ఒక్క ఉపన్యాసం చెప్పదు. అయినా ఆమెను తీసేస్తే మిగిలేది పొద్దున ఆఫీసుకు పోయి సాయంత్రం ఇంటికొచ్చే గుమస్తా కథే.

ఎవరో పెద్దమనిషికి ఆ పేజీలు నచ్చలేదట. "నవల ఉండనీయండి మేడం, ఆ రొట్టెలామెను తీసెయ్యండి" అన్నడు ప్రిన్సిపాల్ సారు. ఎందుకంటే నవ్విండు. "మా బాపు బొగ్గుబాయిల చేసిండు. దిగేముందు జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె తీసుకుంటుండ్రి. లోపల గ్యాసుంటది గదా. పిల్లల తలకాయలు గూడ గంతే."

స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఆయన మాటలో నిజమున్నదేమోనని ఆ దినమంతా నాకు అనుమానమే.

మర్నాడు అటెండరు నా క్లాసుకు గమ్ము సీసాలు తెచ్చిండు. పిల్లలు ఎవరి పుస్తకంలో సోమక్క పేజీలు వాళ్లే అతికించుకున్నరు. ఎవరివి సాపుగ అతికినయో చూపించుకొని మురిసిండ్రు. సారు దగ్గరుండి చూసిండు.

స్వరూప అని ఒక పిల్ల, తండ్రి బాయిల డ్యూటీ చేస్తడు, లేచి అడిగింది. "సార్, మరి గుమస్తా నౌకరి ఎందుకిడిసిండు?"

"ఆరోగ్యం బాగలేక" అన్నడు సారు. అందరూ రాసుకున్నరు.

ఆ పిల్ల కూసోలేదు. సారు అగ్గిపెట్టె ముచ్చట మళ్ల ఎత్తుకున్నడు.

"మా బాపుది గూడ తీసుకుంటరు సార్. పైకొచ్చినంక వాపస్ ఇస్తరు. మాకెప్పుడిస్తరు?"

"మస్తు మాట్లాడుతున్నవ్. మార్కులప్పుడు చూద్దాం తియ్."

నా అనుమానం అక్కడ తెగింది.

పరీక్షల ఆ ప్రశ్న సారే ఇప్పించిండు. క్లాసంతా ఆరోగ్యం బాగలేకనే అని రాసింది. ఒకడైతే 'బీపీ కావొచ్చు' అని కలిపిండు. స్వరూప మాత్రం 'అన్నం పెట్టిన మనిషిని పట్టియ్యలేక' అని రాసింది. పూర్తి మార్కులేసిన. మిగతావాళ్లకు ఏమెయ్యాల్నో తెలువక పెన్ను పట్టుకొని కూసున్న. చెప్పింది రాసిండ్రు, వాళ్ల తప్పేమున్నది?

శుక్రవారం సారు స్వరూప పేపరు నా ముందర పెట్టిండు. "పేపరంతా సున్నా చేసి సంతకం పెట్టండి. సోమవారం దాకా టైమిస్తున్న. లేదంటే మీ కాంట్రాక్టు పొడిగించుడు నా చేతుల లేదు." సున్నా పడితే స్వరూప ఈ పేపరు తప్పుతది.

నిన్నంతా ఒకటే ఆలోచన. ఆ పిల్ల మళ్ల రాసుకుంటది, ఈ వయసుల నాకు ఇంకో నౌకరి ఎవరిస్తరు, అని గూడ అనుకున్న. గమ్ము సీసాల కన్న ఆ ఆలోచన మీదనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

అవ్వకు ఇదంతా చదివి వినిపియ్యకు. బాగనే తింటున్న, మంచిగ నిద్రపోతున్న అని చెప్పు. బావకు, కాకకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. వచ్చే నెల నేనొచ్చి మీ మీద పడితే ఎందుకొచ్చినవని అడగకు.

రేపు పొద్దున సారు ఎదురుంగ కూసుంటున్న. మార్కులు అట్లనే ఉంచి లేచొస్త. నన్ను దీవించు.

నీ చెల్లె,
సుజాత