మూడు చుక్కలు నొక్కాక

ఒరే అప్పన్నా,

సునామీ రోజు పొద్దున్న నాకు చెప్పకుండా నా పడవ ఎందుకు తీసావు? అన్నని, ఒక మాట అడగాలా వద్దా? ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు.

ఈ డిసెంబరులో కూడా ఫోను నిండా ఆ నీళ్ళ వీడియోలే వచ్చాయి. అన్నం మానేసి చూస్తన్నానని మనవరాలు గౌరి ఫోను లాక్కుంది. "దాదా, ఈ మూడు చుక్కలు నొక్కి ఇలాంటివి వద్దంటే ఇంక రావు" అని నొక్కేసింది. అప్పట్నుంచి చేపల ధరలూ, పోర్ట్ బ్లెయిర్ ఓడల టైములే వస్తన్నాయి. వారం రోజులు సుఖంగా తిన్నాను. తర్వాత సిగ్గేసింది. పడవ ఒడ్డుకి తెచ్చేసి ఉంటావేమోనని, ఆ పరిగెట్టే జనంలో నీ పచ్చ బనీను కోసమే కదా నేను చూసేది.

"మళ్ళీ పెట్టు బేటీ" అన్నాను.

"పెడతాను. మరి చిన్నదాదా ఫొటోకి దండెప్పుడు వేస్తావు?" అంది.

శవాన్ని కళ్ళారా చూడందే నీ ఫొటోకి ఎవర్నీ దండ వెయ్యనివ్వలేదురా. మీ వదిన పోతే దాని ఫొటోకి వేసాను. పక్కన నీది ఉత్తిగానే ఉంది.

నా కళ్ళు అలిసిపోయాయి. ఫోన్లో ఆ వీడియోలు ఇంకా మళ్ళీ పెట్టించుకోలేదు. వెతకమంటావా, మానమంటావా? పున్నమి లోపు కల్లోకొచ్చి చెప్పు. రాకపోతే దండ వేసేస్తాను, తర్వాత నన్ను తిట్టొద్దు.